గుడి ఫోటో ఎవరి కోసం?



పోయిన వారం విశ్వరూప సందర్శన యోగం గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ కాలనీ గుడికి వెబ్‌సైట్ చూసుకునేదీ, నెలకోసారి భక్తులందరికీ ఈమెయిల్ న్యూస్‌లెటర్ పంపేదీ తనేనట. మొన్న కల్యాణోత్సవం అయ్యాక ఫోన్‌లో మూడొందల ఫోటోలు మిగిలాయట. "గురువుగారూ, వీటితో రెండు రాత్రులు కూర్చున్నాను. మా అమ్మేమో, అందరూ పీటల దగ్గర పని చేస్తుంటే నువ్వు ఫోన్ పట్టుకుని తిరిగావు, అదేం సేవే అంటోంది. నిజంగా ఇది సేవేనా?" అని అడిగింది.

ప్రశ్న చిన్నదే అనిపించింది మొదట. జవాబు రాద్దామని కూర్చుంటే పొడుగైంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

గుడిలో మాలలు కట్టేవాళ్ళని చూశారా ఎప్పుడైనా? బుట్టెడు పూలు వస్తాయి. అన్నీ మాలలోకి వెళ్ళవు. వాడినవి తీసేస్తారు, రేకులు రాలినవి తీసేస్తారు, నేల మీద పడినవి పక్కన పెడతారు. వాసన చూడరు, ఎందుకంటే స్వామి కంటే ముందు మనం అనుభవించకూడదు. ఒక గంట ఏరితే ఒక మాల. దాన్ని పుష్ప కైంకర్యం అంటాం, ఎవరూ అదేం సేవ అని అడగరు. మూడొందల ఫోటోల్లోంచి ఎనిమిది ఏరడం కూడా అదే పని తల్లీ. కదిలిపోయినవి, ఒకేలా ఉన్న పదిహేను, పురోహితుడుగారు ఆవలిస్తున్నప్పుడు పడినది, ఎవరో కళ్ళు మూసుకున్నది, అన్నీ పక్కన పెట్టాలి. అక్కడ కష్టం ఎంచుకోవడంలో కాదు, వదిలేయడంలో ఉంటుంది. అన్నీ బాగున్నాయి అనిపిస్తుంది. అందుకే చాలా గుళ్ళ పేజీల్లో ఒకే హారతి నలభై సార్లు కనపడుతుంది, ఆ నలభైలో ఏ ఒక్కదాని మీదా కన్ను నిలవదు.

ఏరడానికంటే ముందు ఇంకో మాట ఉంది. ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు అన్నది. మూలవిరాట్టు ఫోటో తీసే ముందు అర్చకుల్ని అడగాలి. వద్దంటే వద్దు. తిరుమలలో భక్తులు సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్ళడానికే లేదు, ఆ సంగతి మీకందరికీ తెలుసు. చాలామంది దీన్ని సెక్యూరిటీ రూల్ అనుకుంటారు. అదొక్కటే కాదు. నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తారు, అలంకారం మారుస్తున్నప్పుడు తెర వేస్తారు. చూడకూడని క్షణాలు స్వామికీ ఉన్నాయని మన పెద్దలు ఒప్పుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మరి ఉత్సవమూర్తి సంగతి వేరు. ఆయన బయటికి వచ్చేదే కనపడటానికి. లోపలికి రాలేనివాళ్ళ కోసం, మంచం దిగలేని ముసలివాళ్ళ కోసం, బాలింతల కోసం ఆయనే వీధిలోకి వచ్చి వాళ్ళ గుమ్మం ముందు ఆగి హారతి తీసుకుని వెళ్తాడు. ఊరేగింపు అంటే అదే కదా. నీ న్యూస్‌లెటర్ ఆ వీధికి ఇంకొంచెం పొడిగింపు అనుకో. డల్లాస్‌లో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడి గుమ్మం, మోకాళ్ళ ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న మామ్మగారి గుమ్మం. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం పెట్టి లక్ష్మీ సరస్వతుల బొమ్మలు అచ్చువేస్తే, అవి గుడి గడప తొక్కనివ్వని ఇళ్ళకి కూడా చేరాయి. మన బామ్మల పూజగదుల్లో పటాలు అలా వచ్చినవే. కాబట్టి బొమ్మ ద్వారా స్వామి ప్రయాణం చేయడం మనకి కొత్త కాదు.

ఇప్పుడు విశ్వరూపం దగ్గరికి వద్దాం.

అర్జునుడు చూడాలని అడిగాడు. కృష్ణుడు దివ్యదృష్టి కూడా ఇచ్చి చూపించాడు. చూశాక ఏమైంది? వణికిపోయాడు. దిక్కులు తెలియలేదు. చేతులు జోడించి, స్వామీ, నాకు అలవాటైన రూపమే చూపించు అన్నాడు. కృష్ణుడు కోప్పడలేదు, నువ్వేగా అడిగావు అని దెప్పిపొడవలేదు. సౌమ్యరూపానికి వచ్చేశాడు, అప్పుడు అర్జునుడి మనసు కుదుటపడింది. చూసేవాడి కంటికి ఎంత పడుతుందో అంతే అవ్వడం భగవంతుడి గొప్పతనం. దాన్నే శ్రీవైష్ణవులు సౌలభ్యం అంటారు. శ్రీరంగంలో ఉన్న పిళ్ళైలోకాచార్యులు దీనికి నీళ్ళతో ఒక పోలిక చెప్పారు. అంతర్యామి భూమిలోపలి నీరు లాంటివాడు, తవ్వుకోవాలి. రామకృష్ణాది అవతారాలు వరద లాంటివి, ఆ రోజు అక్కడున్నవాళ్ళకి దొరికాయి. అర్చామూర్తి ఆ వరద వెళ్ళిపోయాక నిలిచిన మడుగు. దాహం వేసినవాడు వంగితే చాలు.

నీ ఫోన్‌లో ఫోటో విశ్వరూపం. పన్నెండు మెగాపిక్సెల్ కెమెరా అయితే 4000 పిక్సెళ్ళ వెడల్పు, 3000 ఎత్తు, ఫైలు మూడు నుంచి ఐదు ఎంబీ. అలాంటివి పది మెయిల్‌కి తగిలిస్తే నలభై ఎంబీ అవుతుంది. జీమెయిల్ అటాచ్‌మెంట్ల హద్దు 25 ఎంబీ. అసలు పోదు. పోయినా, పల్లెలో రెండు గీతల సిగ్నల్‌తో కూర్చున్న తాతగారికి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, స్వామి రాడు. న్యూస్‌లెటర్‌లో ఫోటో కనపడే జాగా సాధారణంగా 600 పిక్సెళ్ళ వెడల్పే. ఇప్పటి ఫోన్ తెరలు సన్నగా చూపిస్తాయి కాబట్టి దానికి రెట్టింపు, అంటే 1200 పెట్టుకుంటే చాలు. జేపెగ్‌గా, క్వాలిటీ డెబ్బై, ఎనభై మధ్య సేవ్ చేస్తే నూటయాభై, రెండొందల కేబీకి దిగుతుంది. కంటికి తేడా తెలియదు. వెబ్‌సైట్ పైభాగంలో అడ్డంగా వేసే పెద్ద ఫోటో అయితే 1600, 1920 దాకా వెళ్ళొచ్చు, అంతకు మించి అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ముందు కాపీ తీసుకుని ఆ కాపీనే చిన్నది చేయాలి. అసలు ఫోటో అలాగే భద్రంగా ఉండాలి. విశ్వరూపం ఉపసంహరించుకున్నంత మాత్రాన అది లేకుండా పోలేదు కదా. కానీ మన దగ్గర ఒకసారి చిన్నది చేసి దాని మీదే సేవ్ కొడితే మళ్ళీ పెద్దది కాదు. లాగితే మసక మిగులుతుంది. రేపు బ్రహ్మోత్సవాలకి ఫ్లెక్సీ వేయాలంటే అప్పుడు తలపట్టుకుంటారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల సంగతీ అంతే. అవి అప్పటికే నలిగి వస్తాయి. కమిటీ పెద్దలెవరైనా మంచి ఫోటో తీస్తే, "బాబాయ్ గారూ, డాక్యుమెంట్‌గా పెట్టండి" అని అడగాలి. ఆయనకి ఎలాగో చూపించాల్సి వస్తుంది, ఓపిగ్గా చూపించండి, అది కూడా సేవలో భాగమే. అయితే డాక్యుమెంట్‌గా వచ్చిన ఫోటోలో, తీసిన చోటు వివరం కూడా దాగి ఉండొచ్చు. గుడిది అయితే ఫర్వాలేదు. ఎవరింట్లోనో వరలక్ష్మీ వ్రతం ఫోటో అయితే? అమ్మవారికి పెట్టిన నగలు ఫోటోలో, ఇంటి లొకేషన్ ఫైల్లో. ఇలాంటివి బయట పెట్టేముందు ఆ లొకేషన్ తీసేయాలి. ఫోన్లలో షేర్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ ఉంటుంది, ఫోటో ఎడిట్ చేసే యాప్‌లలోనూ ఉంటుంది.

ఇక దిద్దుబాటు. గోపురం ఒరిగి ఉంటే నిటారుగా చేయండి. దీపాల వెలుగులో తీసినది చీకటిగా ఉంటే కొంచెం వెలుతురు పెంచండి. ఫ్లాష్ మాత్రం వద్దు. అర్చకుల కళ్ళలో పడుతుంది, దీపకాంతిలో ఉన్న ముఖం చదునైపోతుంది. స్వామిని దీపం వెలుగులో చూడటానికి వెళ్తాం, మళ్ళీ మన టార్చి ఎందుకు?

కత్తిరించేటప్పుడు పాదాలు చూసుకోండి. పెద్దలు దర్శనం పాదాల దగ్గర మొదలుపెట్టి కిరీటం దాకా వెళ్ళమంటారు. మనమేమో చతురస్రంగా క్రాప్ చేసి పాదాలే తీసేస్తాం. మీరు చేయకపోయినా కొన్ని వెబ్‌సైట్లు చిన్న బొమ్మ చూపించేటప్పుడు వాటంతట అవే పైనా కిందా కోసేస్తాయి. కిరీటం ఒక్కోసారి, పాదాలు ఒక్కోసారి. పెట్టాక ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడాలి.

ఫిల్టర్ల గురించి నాకు కొంచెం కోపమే ఉంది, చెప్పేస్తాను. నల్లరాతి విగ్రహాన్ని తెల్లగా చేసే ఫిల్టర్ వేసి పంపారొకరు. కృష్ణ అన్న మాటకే నలుపని అర్థం నాయనా! ఆయన రంగు నీకు నచ్చకపోవడం ఏమిటి? ఇప్పుడు ఏఐ వచ్చాక తల వెనక కాంతిచక్రాలు, ఆకాశంలోంచి పూలవాన, అన్నీ పెడుతున్నారు. బొమ్మ వేస్తే వేయండి, భక్తితో వేసిన బొమ్మని ఎవరూ కాదనరు. కానీ జరిగిన ఉత్సవం ఫోటో అని చెప్పి, జరగనిది కలపకూడదు. సత్యనారాయణ వ్రతం ఫోటోకైనా సత్యం ఉండాలి కదా.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని ఒకటి. ధృతరాష్ట్రుడు గుర్తున్నాడా? వ్యాసుడు వచ్చి యుద్ధం చూస్తావా, చూపు ఇస్తాను అంటే, బంధువుల చావు చూడలేనయ్యా, వినిపించు చాలు అన్నాడు. అప్పుడు సంజయుడికి ఆ దృష్టి వచ్చింది. సంజయుడు చెప్పడం వల్లే గీత మన దాకా చేరింది. అంటే గీత మనకి అందిన తీరు ఏమిటి? చూపు లేనివాడికి, చూసినవాడు వర్ణించి చెప్పడం. వెబ్‌సైట్‌లో ఫోటో పెట్టేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి ఉంటుంది. చూపులేనివాళ్ళ ఫోన్ ఆ గడిలో రాసింది చదివి వినిపిస్తుంది. అక్కడ ఏమీ రాయకపోతే వాళ్ళకి ఏమీ వినపడదు, లేదా ఐఎంజీ నాలుగు సున్నా మూడు రెండు అని ఫైలు పేరు వినపడుతుంది. ఉత్సవానికి వచ్చిన మనిషికి ఎవరైనా అలా చెప్తారా? "పల్లకిలో సీతారాములు, తెల్లటి మల్లెల మాలలు, ముందు నాదస్వరం వాయిస్తున్న ఇద్దరు" అని ఒక్క వాక్యం రాయండి. ఒక్క నిమిషం పని. చాలా మెయిళ్ళలో బొమ్మలు వెంటనే తెరుచుకోవు కూడా, అప్పుడు చూపున్నవాళ్ళకి కూడా ఈ వాక్యమే దిక్కు. ఇదే కారణంతో ముహూర్తం, తేదీ, టైము బొమ్మలోనే రాసి ఊరుకోకండి. ఆహ్వానపత్రిక అంతా ఒకే బొమ్మగా పంపుతారు మనవాళ్ళు. అది తెరుచుకోకపోతే కల్యాణం ఎన్నింటికో తెలియదు. మెయిల్‌లో మామూలు అక్షరాల్లో కూడా రాయాలి.

ఫోటో కింద పేరు, తేదీ కూడా. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో సంకీర్తన భాండారంలో తరాలపాటు ఉండిపోయాయి. బయటికి తీసి చూస్తే ఆయన ఎప్పటి నుంచి పాడారో, ఏ రోజు పరమపదించారో ఒక రేకు మీద ఉంది, దుందుభి సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి అని. అంటే 1503. ఎవరో శ్రద్ధగా చెక్కించబట్టి మనం ఈ రోజు వర్ధంతి చేసుకుంటున్నాం. రాగాల పేర్లు కూడా చెక్కించారు. అయితే ఆయన ఏ వరసలో పాడారో ఆ వరస రాయలేదు, అది పోయింది. రాసినంత మేరే మిగిలింది. కాబట్టి ఫైలు పేరులో ఉత్సవం, సంవత్సరం పెట్టండి. పదేళ్ళ తర్వాత మీ గుడి కుంభాభిషేకానికి పాత ఫోటోలు వెతికేవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.

ఇంతవరకూ చెప్పింది చేతిపని. ఇప్పుడు చెప్పబోయేది నేను తప్పు చేసి తెలుసుకున్నది.

కొన్నేళ్ళ క్రితం మేముండే చోట ఒక గుడికి నేనే ఫోటోలు చూసేవాణ్ణి. శనివారం అన్నదానం జరిగేది. రెండో బంతిలో ఒకాయన కూర్చున్నారు, యాభై ఐదేళ్ళుంటాయి, ఉతికిన చొక్కా, విస్తరి మీదికి వంగి శ్రద్ధగా తింటున్నారు. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా ముఖం మీద పడింది. ఫోటో ఎంత బాగా వచ్చిందో! ఇప్పుడు మీకు చెప్పినవన్నీ చేశాను. చక్కగా కత్తిరించాను, వెలుతురు సరిచేశాను, 1200కి తగ్గించాను. కింద "ఆకలిగొన్నవారికి అన్నప్రసాదం, మీ విరాళాలతో" అని రాసి న్యూస్‌లెటర్‌లో మొదటి ఫోటోగా పంపాను. విరాళాలు కూడా బాగానే వచ్చాయి.

రెండు రోజుల తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, శనివారం ఫోటోలో ఉన్నది మా నాన్నగారు. ఆఫీసులో ఒకరు చూపించి మీ నాన్నగారేనా అని అడిగారు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు ఆయన. రోజూ ఆఫీసుకని బయల్దేరేవారు. ఆ ఫోటో తీసేయగలరా?" అంది. అరవలేదు, ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది నాకు.

వెబ్‌సైట్‌లోంచి ఒక్క నిమిషంలో తీసేశాను. మెయిల్? పంపేసింది. కొన్ని వందల మంది దగ్గర ఉంది. సౌప్తిక పర్వంలో అర్జునుడూ అశ్వత్థామా ఇద్దరూ అస్త్రం వేశారు, వ్యాసనారదులు వచ్చి మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడికి చేతనయింది. అశ్వత్థామకి వేయడమే తెలుసు, తీసుకోవడం తెలియదు. అది వెళ్ళి ఉత్తర గర్భంలో ఉన్న, ఏ పాపం ఎరగని శిశువుకి తగిలింది. చిన్నప్పటి నుంచి ఆ కథ చెప్తూనే ఉన్నాను నేను. సెండ్ బటన్ నొక్కేటప్పుడు గుర్తు రాలేదు.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో దానం ఎలా చేయాలో గురువు శిష్యుడికి చెప్పే చోట, శ్రద్ధతో పాటు ఇచ్చేవాడికి సిగ్గు కూడా ఉండాలని ఉంటుంది. ఎన్నో ఉపన్యాసాల్లో చెప్పాను ఆ మాట. ఇంతేనా ఇవ్వగలిగింది అని ఇచ్చేవాడు సిగ్గుపడాలి అని వివరించేవాణ్ణి. ఆ రోజు నేను ఆ సిగ్గుని తీసుకెళ్ళి తినేవాడి విస్తట్లో వడ్డించాను. అన్నదానం అంటాం గానీ గుడిలో పెట్టేది ప్రసాదం. ప్రసాదం దగ్గర ఇచ్చేవాడూ లేడు, పుచ్చుకునేవాడూ లేడు, కోటీశ్వరుడు కూడా చెయ్యి చాచే తీసుకుంటాడు. నేను రాసిన ఆ ఒక్క లైను ఆయన్ని భక్తుడి వరసలోంచి లేపి యాచకుడి వరసలో కూర్చోబెట్టింది.

నైవేద్యం వేళ స్వామికి తెర వేస్తాం అన్నాను కదా మొదట్లో. తినేటప్పుడు మనిషికి కూడా ఒక తెర ఉండాలి. నాకు అంత బాగా తెలిసిన ఆచారం, ఇటు తిప్పి చూసుకోవాలని తోచలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన లోపలికి రమ్మన్నారు, మంచినీళ్ళు ఇచ్చారు. "అయ్యో, మీరు కావాలని చేశారా ఏంటి" అన్నారు. ఆ తర్వాత శనివారాలు ఆయన రాలేదు. ఆరు నెలలు పైగా చూశాను ఆ రెండో బంతి వైపు.

అందుకని అమ్మా, నీ మూడొందల ఫోటోల్లో ఎనిమిది ఏరేటప్పుడు, స్వామి ముఖం ఎలా వచ్చిందో చూశాక, మనుషుల ముఖాలు కూడా ఒక్కొక్కటీ చూడు. దగ్గరగా గుర్తుపట్టేలా ఉంటే వాళ్ళని అడుగు. "మెయిల్‌లో వేస్తాం, వెబ్‌సైట్‌లో పెడతాం, ఫర్వాలేదా?" అని విడిగా అడుగు, నలుగురిలో కాదు, నలుగురిలో అడిగితే వద్దనలేరు. పిల్లలైతే అమ్మానాన్నల్ని అడుగు, పేరూ బడీ రాయకు. కోలాటం ఆడుతున్న ఆడపిల్లల ఫోటోలు ఎవరి చేతుల్లోకి వెళ్ళి ఏమవుతాయో ఈ రోజుల్లో నీకు నేను చెప్పక్కర్లేదు. దూరం నుంచి, వెనక నుంచి తీసినవి వాడు. కళ్ళనీళ్ళతో గర్భగుడి ముందు నిలబడినవాళ్ళ ఫోటో ఎంత అందంగా వచ్చినా వేయకు. ఆ కన్నీళ్ళు స్వామికి చెప్పుకున్నవి, మనకి కాదు. ఎవరైనా తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయి. మెయిల్ అయితే ముందు నీకు నువ్వే ఒకటి పంపుకుని, మీ అమ్మగారికి కూడా చూపించు. పీటల దగ్గర ఉన్నది ఆవిడే కదా, ఏ ముఖం వెనక ఏముందో ఆవిడకి నీ కంటే బాగా తెలుసు. సేవ అవునో కాదో కూడా అప్పుడు ఆవిడే చెప్తారు.

మా గుడిలో అన్నదానం ఫోటో ఇప్పటికీ ప్రతి నెలా వెళ్తుంది. విస్తళ్ళు పరిచి, నీళ్ళు చల్లి, జనం ఇంకా లోపలికి రాకముందు తీస్తాం. పక్కన పులిహోర గంగాళం, దాని మీద గరిటె.